రాకెట్ దించిన తర్వాతి జీవితం
తెలుగు నేల మీద ఆటల చరిత్ర – 11వ భాగం

హైదరాబాద్‌కు టెన్నిస్ నిన్న మొన్న వచ్చింది కాదు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో భారత్ తరఫున టెన్నిస్ ఆడినవారిలో సయ్యద్ మహమ్మద్ హాదీ ఒకరు. డేవిస్ కప్ కూడా ఆడారు. ఏడు ఆటల్లో ఆరితేరినవారు కాబట్టి ‘రెయిన్‌బో హాదీ’ అన్నారు. రంజీ ట్రోఫీ మొదలైన 1934–35లో, ఆ టోర్నీ చరిత్రలోనే మొదటి సెంచరీ హైదరాబాద్ జట్టు తరఫున మద్రాసు మీద కొట్టింది ఆయనే. ఆయన ఒలింపిక్స్ ఆడిన 91 ఏళ్లకు, 2015 ఏప్రిల్‌లో, అదే నగరం నుంచి వచ్చిన సానియా మీర్జా మహిళల డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఒక ఆటకు ఒక నగరంలో ఇంతకన్నా పెద్ద వంశవృక్షం ఉండదు. కానీ ఆ నగరం దాటి తూర్పుకు రైలెక్కితే జనగామ, కాజీపేట మీదుగా మహబూబాబాద్. వరంగల్‌లో దిగి బస్సెక్కితే ములుగు అడవి అంచున భూపాలపల్లి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలుగా లెక్కకెక్కిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఈ మూడు చోట్ల వాలీబాల్ ఉంది, కబడ్డీ ఉంది, ఖోఖో ఉంది, క్రికెట్ సరే సరి. డేవిస్ కప్ జట్టులో గానీ మహిళల టెన్నిస్ జట్టులో గానీ ఈ మూడు జిల్లాల పేరు కనబడదు. నూరేళ్ల ఆట నూరు కిలోమీటర్లు ఎందుకు నడవలేకపోయింది? ఈ భాగంలో వెతికేది దానికి జవాబే.

డబ్బున్నోళ్ల ఆట గనుక అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ జవాబులో నిజముంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం. నా వాదన వేరే. ఒక ఆటను ఊరూరికీ మోసుకుపోయేది అందులోని మహా క్రీడాకారులు కారు. వాళ్లకు ఒకటి రెండు మెట్లు కింద ఆడి, ముప్పై ఏళ్లకు రాకెట్ దించి, ఆ తర్వాత పిల్లలకు నేర్పి బతికేవాళ్లు. తెలంగాణ టెన్నిస్‌కు శిఖరం దొరికింది, ఆ నడిమి వరుస దొరకలేదు. దొరికిన కొద్దిమందికి కూడా హైదరాబాద్ వదిలి వెళ్లడానికి బతుకుదెరువు దారి లేకపోయింది. అందువల్ల ఆట చరిత్ర రాసేవాళ్లు ట్రోఫీల జాబితాతో ఆగకుండా, ఆటగాళ్ల రెండో జీవితాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మన క్రీడా చరిత్రల్లో ఆ అధ్యాయం దాదాపు ఖాళీగా ఉంది.

నేర్పి బతకడం టెన్నిస్‌లో మొదటి నుంచీ గౌరవం తక్కువ పని. 1968కి ముందు వింబుల్డన్ లాంటి పెద్ద టోర్నీల్లో అమెచ్యూర్లకే ప్రవేశం. ఆడినందుకైనా, నేర్పినందుకైనా డబ్బు తీసుకున్నవాడు ప్రొఫెషనల్. అతడికి ఆ గడప దాటే హక్కు లేదు. ఇంగ్లండ్‌లో డాన్ మాస్కెల్ సంగతి చూస్తే ఆ కట్టుబాటు ఎంత కఠినమో తెలుస్తుంది. లండన్ క్వీన్స్ క్లబ్‌లో బంతులందించే కుర్రాడిగా మొదలైన మాస్కెల్, 1929లో వింబుల్డన్ నడిపే ఆల్ ఇంగ్లండ్ క్లబ్‌కే కోచ్ అయ్యాడు. ప్రొఫెషనళ్ల బ్రిటిష్ టైటిల్ 16 సార్లు గెలిచాడు. 1933లో ఫ్రెడ్ పెర్రీ ఉన్న బ్రిటన్ జట్టు డేవిస్ కప్ గెలిచినప్పుడు ఆ జట్టును సాధన చేయించింది ఆయనే. అంతటివాడు తాను పనిచేసే క్లబ్ గడ్డి మీద వింబుల్డన్ మ్యాచ్ ఒక్కటి కూడా ఆడలేకపోయాడు. మన దేశపు క్లబ్బుల్లోనూ ఈ గీత అలాగే పడింది. సభ్యులు ఆడతారు; వాళ్లకు ఎదురు నిలబడి బంతి కొట్టిపెట్టేవాడు మార్కర్; బంతులు ఏరేవాడు పికర్. ఆట బాగా వచ్చినవాడు చాలాసార్లు మార్కరే. కానీ అతడి విద్య క్లబ్బు ప్రహరీ దాటి బయటికి వచ్చే మార్గం లేదు, ఎందుకంటే జీతమిచ్చేది క్లబ్బు. హాదీ కాలం నాటి హైదరాబాద్ టెన్నిస్ అలాంటిదే. ఆయన కేంబ్రిడ్జిలో చదివి వచ్చిన అమెచ్యూర్. ఆ తరానికి ఆట జీవనాధారం కాదు, కాబట్టి దాన్ని మరోచోటికి తీసుకెళ్లాల్సిన అవసరమూ పడలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం ఈ లోటును గుర్తించింది. 1953లో రాజకుమారి అమృత్ కౌర్ పేరిట కోచింగ్ పథకం మొదలైంది. 1961లో పాటియాలాలో జాతీయ క్రీడా సంస్థ ఏర్పడింది. హాకీ నేర్పడానికి ధ్యాన్‌చంద్ అంతటివాడు అక్కడికి వెళ్లాడు. ఆడినవాడు నేర్పేవాడు కావాలి, నేర్పేవాడికి డిప్లొమా ఉండాలి, ఆ డిప్లొమాకు సర్కారు ఉద్యోగం ఉండాలి అన్నది ఆ ఆలోచన. నాకు చాలా ఇష్టమైన ఆలోచన అది, ఎందుకంటే అందులో కోచ్ ఒక ఉపాధ్యాయుడు. టెన్నిస్‌లో ఈ దారికి కలకత్తా అఖ్తర్ అలీ మంచి ఉదాహరణ. డేవిస్ కప్ ఆడి, ఆ తర్వాత కోచ్‌గా దశాబ్దాలు గడిపారు. కొడుకు జీషాన్ అలీ 1988 సియోల్ ఒలింపిక్స్ ఆడి, తండ్రి బాటలోనే డేవిస్ కప్ జట్టుకు కోచ్ అయ్యాడు. మద్రాసులో 1985లో బ్రిటానియా అమృత్‌రాజ్ పథకం వచ్చింది. పిల్లల్ని ఎంపిక చేసి, అక్కడే ఉంచి, చదివించి, ఆడించే పథకం. అందులో చేరినవాడే లియాండర్ పేస్. ఈ రెండు ఉదాహరణల్లోనూ పేరున్న ఆటగాళ్లే కోచింగ్ వైపు వచ్చారు, కానీ పని జరిగింది మహానగరంలోనే. పేస్ కూడా కలకత్తా వదిలి మద్రాసు హాస్టల్‌కు వెళ్లాల్సి వచ్చింది. తెలుగు నేల మీద ఆ స్థాయి హాస్టల్ టెన్నిస్‌కు రాలేదు.

అలాంటి చోట సానియా ఎదిగింది. ఆరేళ్ల వయసులో రాకెట్ పట్టింది. తండ్రి ఇమ్రాన్ మీర్జాయే ఆమెకు కోచ్ కూడా అయ్యారు. 2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. అదే ఏడు హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో–ఏషియన్ క్రీడల్లో నాలుగు స్వర్ణాలు తెచ్చింది. 2005 ఫిబ్రవరిలో సొంత ఊళ్లో హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో అల్యోనా బొండారెంకోను మూడు సెట్లలో ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయురాలైంది. ఆ ఏడే యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండు దాకా వెళ్లింది. 2007 ఆగస్టులో సింగిల్స్ ర్యాంకు 27. అక్కడ మణికట్టు దెబ్బతింది, శస్త్రచికిత్స అయింది, ఆమె మెల్లగా డబుల్స్ వైపు తిరిగింది. ఈ మలుపును ఓటమిగా చెప్పేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. శరీరం ఒక దారి మూసినప్పుడు ఆటను మళ్లీ మొదటి నుంచి ఆలోచించుకోగలగడం చాలా కొద్దిమందికి సాధ్యం. నెట్ దగ్గర నిలబడటం, భాగస్వామి సర్వీసును బట్టి కదలడం, బేస్‌లైన్ నుంచి ఫోర్‌హ్యాండ్‌ను ఎప్పుడు సంధించాలో లెక్కించడం, ఇవన్నీ ఆమె పాతికేళ్ల వయసు తర్వాత పదును పెట్టుకున్న విద్యలు. మిక్స్‌డ్‌లో మహేష్ భూపతితో 2009 ఆస్ట్రేలియన్, 2012 ఫ్రెంచ్, బ్రూనో సోరెస్‌తో 2014 యూఎస్ టైటిళ్లు. మహిళల డబుల్స్‌లో మార్టినా హింగిస్‌తో 2015 వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016 ఆస్ట్రేలియన్. ఆ జంట వరుసగా 41 మ్యాచ్‌లు గెలిచింది. 2023 జనవరిలో రోహన్ బోపన్నతో ఆస్ట్రేలియన్ మిక్స్‌డ్ ఫైనల్ ఆడి, ఫిబ్రవరిలో దుబాయ్‌లో చివరి టోర్నీ ఆడి, మార్చి 5న లాల్ బహదూర్ స్టేడియంలో సొంత జనం ముందు వీడ్కోలు మ్యాచ్ ఆడింది.

రాకెట్ దించేనాటికే ఆమె రెండో జీవితం పదేళ్ల వయసుది. హైదరాబాద్‌కు పడమర, మొయినాబాద్ దగ్గర ముర్తుజాగూడలో 2013లోనే సానియా మీర్జా టెన్నిస్ అకాడమీ మొదలైంది. ఆమె రోజూ నెట్ పక్కన బంతుల బుట్ట పెట్టుకుని నిలబడే కోచ్ కాదు కదా అని అభ్యంతరం చెప్పవచ్చు. నిజమే. ఆమెది సంస్థను నిలబెట్టే పాత్ర, పెద్దదిక్కుగా ఉండే పాత్ర. కానీ ఆ అకాడమీ పుట్టిన తేదీని చూడండి. డబుల్స్ నంబర్ వన్ కావడానికి రెండేళ్ల ముందు, సంపాదన సాగుతుండగా, పేరు మార్మోగుతుండగా అది మొదలైంది. టెన్నిస్‌లో సొంతంగా ఒక శిక్షణ కేంద్రం పెట్టాలంటే స్థలం, కోర్టులు, దీపాలు, బంతులు, సహాయకుల జీతాలు కావాలి. అంత పెట్టుబడి గ్రాండ్‌స్లామ్ విజేతకే అందుతుంది. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2013 లెక్కలతో చేసిన పరిశీలన ప్రకారం ఆ ఏడు ప్రొఫెషనల్ టోర్నీలు ఆడినవాళ్లు సుమారు 14 వేల మంది. వాళ్లలో దాదాపు సగం మందికి ప్రైజ్ మనీ ఒక్క పైసా రాలేదు. పురుషుల్లో 336వ ర్యాంకు, మహిళల్లో 253వ ర్యాంకు దాటి కిందున్నవాళ్లకు ఖర్చులు కూడా పూడలేదు. అంటే ఆటలో బతికి బయటపడేవాళ్లు ఏ కాలంలోనైనా కొన్ని వందల మంది. మిగిలినవాళ్లందరూ ఇరవై ఎనిమిదికో ముప్పైకో అప్పుతోనో ఖాళీ జేబుతోనో ఆట వదిలి, వచ్చిన ఒకే ఒక్క విద్యతో బతుకు వెతుక్కోవాలి. వాళ్లు గంటకు ఫీజు ఇచ్చే చోటికే వెళ్తారు. ఆ చోటు హైదరాబాద్ గేటెడ్ కాలనీ, క్లబ్బు, ఇంటర్నేషనల్ స్కూలు. జనగామ కాదు. వాళ్లను తప్పు పట్టడానికి మనకే హక్కూ లేదు.

సికింద్రాబాద్‌లో పుట్టిన విష్ణువర్ధన్‌ను తలచుకుంటే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ రజతం గెలిచాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పేస్ పక్కన నిలబడి ఆడాడు. ఒలింపిక్స్ దాకా వెళ్లినవాడి పేరు కూడా మన జిల్లా పిల్లల్లో ఎందరికి తెలుసు? నడిమి వరుస మన కళ్లకు ఆనదు. కంటికి ఆననిదానికి నిధులూ రావు, ఉద్యోగాలూ రావు.

ఇప్పుడు బలమైన అభ్యంతరం. బ్యాడ్మింటన్‌లో ఒకే ఒక్క మహా క్రీడాకారుడు కోచ్‌గా మారి దేశం దిశ మార్చాడు కదా, మరి నడిమి వరుస గొప్ప ఎక్కడిది అని అడగవచ్చు. పుల్లెల గోపీచంద్ 2001 మార్చిలో చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ప్రకాష్ పదుకొనె తర్వాత ఆ ఘనత ఆయనదే. మోకాలి శస్త్రచికిత్సలు దాటుకుని వచ్చినవాడు. సొంతిల్లు తాకట్టు పెట్టి, దాతల సాయం తీసుకుని, సర్కారు ఇచ్చిన స్థలంలో గచ్చిబౌలి అకాడమీని 2008లో తెరిచాడు. సైనా నెహ్వాల్ 2012 ఒలింపిక్స్‌లో కాంస్యం, పి.వి. సింధు 2016 ఒలింపిక్స్‌లో రజతం, గుంటూరు నుంచి వచ్చిన కిదాంబి శ్రీకాంత్ 2017లో ఒక్క ఏడాదిలో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు. ఇదంతా ఒక మనిషి పట్టుదల ఫలమని నేనూ నమ్ముతాను, ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కుతాను. కానీ గోపీచంద్‌ను తయారు చేసింది ఎవరు? ఎస్.ఎం. ఆరిఫ్. ప్రపంచ టైటిళ్లు లేని మనిషి. కోచింగ్‌నే జీవితంగా పెట్టుకున్న మనిషి. లాల్ బహదూర్ స్టేడియంలో తెల్లవారుజామున పిల్లలతో షటిల్ కొట్టించిన ఆ గురువుకు 2000లో ద్రోణాచార్య పురస్కారం వచ్చింది. గోపీచంద్‌కు అదే పురస్కారం 2009లో వచ్చింది. ముందు గురువు, తర్వాత శిష్యుడు, ఆ తర్వాత శిష్యుడి శిష్యులు. ఆరిఫ్ లేకుండా ఆ వరుస మొదలు కాదు. పైగా బ్యాడ్మింటన్‌కు జిల్లా కేంద్రాల్లో ఇండోర్ హాళ్లున్నాయి, ఉద్యోగుల క్లబ్బుల్లో షటిల్ కోర్టులున్నాయి, అక్కడ సాయంత్రం పిల్లలకు మెలకువలు చెప్పే పాత ఆటగాళ్లున్నారు. గోపీచంద్ ఆ పునాది మీద మేడ కట్టాడు. టెన్నిస్‌లో మేడ వచ్చింది, పునాది రాలేదు.

అయినా గచ్చిబౌలి కూడా ఒక హద్దు చూపిస్తుంది. సింధు చిన్నప్పుడు శిక్షణ కోసం రోజూ 56 కిలోమీటర్లు తిరిగేదని పత్రికలు రాశాయి. ఆమె తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లు, రైల్వే ఉద్యోగులు. ఆట విలువ తెలిసిన ఇల్లు. ముర్తుజాగూడ నగరానికి పడమట ఉంది, జనగామ తూర్పున ఉంది. జనగామ పిల్ల అక్కడికి వెళ్లాలంటే సుమారు 85 కిలోమీటర్లు ప్రయాణించి నగరం చేరి, మళ్లీ నగరమంతా అడ్డంగా దాటాలి. గార్ల నుంచి, కొత్తగూడ తండా నుంచి, రైలు సౌకర్యమే లేని భూపాలపల్లి నుంచి ఆ ప్రయాణం ఊహకే అందదు. కాబట్టి అకాడమీ ఎంత మంచిదైనా, దానికి చేరే దారి మధ్యలో ఎవరో ఒకరు కట్టాలి.

ఆ దారి కట్టడం సాధ్యమేనని ఈ జిల్లాల పక్కనే రుజువు ఉంది. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ, మహబూబాబాద్ పొలిమేరకు ఏమంత దూరం కాదు. కూలి పనులు చేసుకునే ఇంట్లో 2003లో పుట్టిన జీవాంజి దీప్తికి పుట్టుకతోనే మేధోపరమైన వైకల్యం ఉంది. ఊళ్లో ఎన్నో మాటలు పడింది. బడిలో పీఈటీ ఆమె పరుగును చూశాడు. శిక్షకుడు నాగపురి రమేష్ ఆమెను గుర్తించి హైదరాబాద్‌కు తెచ్చారు. గోపీచంద్ చేయూత దొరికింది. 2024 మేలో జపాన్ కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో మేధోపరమైన వైకల్యం ఉన్నవారి టీ20 విభాగం 400 మీటర్ల పరుగును 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం గెలిచింది. ఆ పతకం వెనుక ఉన్నది చూడండి: బడి మైదానంలో ఒక కన్ను, జిల్లా దాటి వెతికే ఒక కోచ్, రాజధానిలో ఉండటానికి ఒక చోటు. 2016లో ద్రోణాచార్య అందుకున్న రమేష్ అప్పుడు భారత క్రీడా ప్రాధికార సంస్థ కోచ్. ఆయన జీతం పిల్లల ఫీజు మీద ఆధారపడలేదు. కాబట్టే ఆయన వెతుక్కుంటూ కల్లెడ పిల్ల దాకా రాగలిగాడు. నా వాదనకు ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం నాకు అక్కర్లేదు.

అథ్లెటిక్స్‌కు నేల చాలు, టెన్నిస్‌కు కోర్టు కావాలి, రాకెట్ కావాలి, బంతులు కావాలి కదా అన్నది మిగిలిన ప్రశ్న. డబ్బున్నోళ్ల ఆట అనే మాట ఇక్కడే బలంగా నిలబడుతుంది. పూర్తి కోర్టు 78 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు. గీతల వెనక బంతి కోసం పరుగెత్తే చోటు కలిపితే దానికి రెట్టింపు దాటుతుంది. మట్టి కోర్టయితే రోజూ నీళ్లు చల్లి, రోలర్ తిప్పి, సున్నంతో గీతలు గీయాలి. రెండు వానాకాలాలు పట్టించుకోకపోతే గడ్డి మొలుస్తుంది. ఇదంతా పెద్దవాళ్ల ఆట లెక్క. పిల్లల లెక్క వేరు. అంతర్జాతీయ సమాఖ్య 2007లో మొదలుపెట్టిన ప్రచారంలో చిన్నపిల్లలకు మెత్తటి ఎర్ర బంతి పెట్టింది. అది మామూలు బంతి కన్నా సుమారు 75 శాతం నెమ్మది. 2012 నుంచి పదేళ్ల లోపు పోటీల్లో నెమ్మది బంతులే వాడాలని నిబంధన కూడా చేసింది. ఎర్ర బంతి కోర్టు పొడవు 36 అడుగులు, వెడల్పు 20 అడుగుల లోపు. నెట్ నడుము ఎత్తు కూడా ఉండదు. వాలీబాల్ కోర్టు పొడవు 59 అడుగులు, వెడల్పు దాదాపు 30. తెలంగాణ ప్రభుత్వం 2022లో పల్లెపల్లెనా క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టినప్పుడు వాటిలో వాలీబాల్ కోర్టు ఒక భాగం. వాలీబాల్ నెట్ తాడును మోకాలి పైదాకా దించి కట్టి, లోపల సున్నంతో నాలుగు గీతలు గీస్తే, మహబూబాబాద్ పక్క తండాలో ఏడేళ్ల పిల్ల టెన్నిస్ మొదటి పాఠం నేర్చుకోవచ్చు. మెత్తటి బంతి నెమ్మదిగా వస్తుంది కాబట్టి అందుకోవడం సులువు. ఖర్చు బంతులకూ చిన్న రాకెట్లకూ మాత్రమే.

అలా మొదలైన పిల్ల పదేళ్లకు ఎక్కడికి పోతుందని అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనది. ఎర్ర బంతి ఒకటే సరిపోదు. దానికన్నా వేగమైన ఆకుపచ్చ బంతి దశకు వచ్చేసరికి పూర్తి కోర్టు కావాలి, వారానికి ఐదు రోజులు ఎదురు కొట్టేవాళ్లు కావాలి. హకీంపేట క్రీడా పాఠశాలకు నాలుగో తరగతి పిల్లల్ని మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి ఎంపిక చేసే పద్ధతి అలవాటైనదే; ఎత్తు, 30 మీటర్ల పరుగు, నిలబడి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు చూసి తీసుకుంటారు. ఆ కొలతల్లో చేతికీ కంటికీ ఉన్న పొందికను చూసే కొలత లేదు. టెన్నిస్ ప్రతిభ అక్కడే బయటపడుతుంది. దాన్ని పసిగట్టేది బంతి కొట్టినవాడి కన్నే. ముప్పై ఏళ్లకు ఆట వదిలిన జాతీయ స్థాయి టెన్నిస్ ఆటగాడికి పాటియాలా డిప్లొమా చేయించి, జిల్లాకు ఒకరిని చొప్పున, ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు మీద కాకుండా ఉపాధ్యాయుడి జీతం మీద హన్మకొండలోనో జనగామలోనో పెడితే ఏమవుతుందో మనం ఇంతవరకు చేసి చూడలేదు. చేసి చూడని పనిని, ఆ ఆట మన పిల్లలకు పట్టుబడదు అని కొట్టేయడం సబబు కాదు.

ఈ జిల్లాలకు టెన్నిస్ అసలు అవసరమా, కబడ్డీకి ఉన్న కోచ్‌కే సరైన జీతం లేదే అని అనేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. ఆ జీతం రావాలి, ముందు రావాలి. అయితే ఒక ఆట కోచ్‌కు దక్కాల్సిన మర్యాదను ఇంకో ఆట పిల్లల దగ్గర కోసి ఇవ్వనక్కర్లేదు. పైగా కోచింగ్ కొలువు అంటే పతకం ఒక్కటే కాదు. పోటీల్లో ఓడి వెనక్కి వచ్చిన ఇరవై ఏళ్ల అమ్మాయికి సొంత ఊళ్లో మర్యాదగా బతికే ఉద్యోగం అది. సానియా స్థాయికి చేరని నూరుమంది అమ్మాయిల్లో పదిమంది కోచ్‌లుగా జిల్లాలకు తిరిగి వస్తే, ఆడపిల్లను మైదానానికి పంపడానికి సందేహించే తల్లికి ఎదురుగా ఒక ఆడ కోచ్ కనబడుతుంది. ఆడపిల్లలు పదమూడు పద్నాలుగేళ్లకు ఆట మానేసే చోట ఆ కనబడటానికి ఎంతో విలువ ఉంది.

భూపాలపల్లి సంగతికి మాత్రం ఇంకో కోణం ఉంది. అది బొగ్గు ఊరు, చెల్పూరు థర్మల్ కేంద్రం ఊరు. ప్రభుత్వ రంగ సంస్థలు తమ కాలనీల్లో ఆటస్థలాలు కట్టాయి, కార్మికులకు పోటీలు పెట్టాయి, ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చాయి. గని కాలనీ ఆటస్థలం ఎవరికి తెరుచుకుంది, కాలనీ గేటు బయట ఉన్న ఊరి పిల్లకు అందులో ఎంత చోటు దొరికింది అన్నది విడిగా చూడాల్సిన చరిత్ర. వచ్చే భాగంలో సింగరేణి బొగ్గు పట్టణాల ఆటల కథతో మొదలుపెడదాం.